ఎంగిలి పడ్డ బంగారం

"మొక్కినప్పటి ఎత్తు వేరే, ఇప్పటి ఎత్తు వేరే! దసరనాడు నా కొడుకు గిట్ల పుల్లలెక్క ఉండెనా? తల్లికి తక్కువ పెట్టి బతుకుదమనుకుంటున్నర్రా?"

బుచ్చమ్మ కొంగు నడుముకు బిగించి కాంటాకు అడ్డంగా నిలబడింది.

వాకిట్లో మూడు వాసాలు కట్టి, వడ్లు తూచే పెద్ద కాంటాను వాటికి వేలాడదీశారు. ఒక పళ్ళెంలో ఆమె ఒక్కగానొక్క కొడుకు వెంకట్రాం రెడ్డి తడిబట్టలతో మఠం వేసుకుని కూర్చున్నాడు. రెండో పళ్ళెంలో బెల్లం ముద్దలు. మేడారం తల్లులకు మొక్కినవాళ్ళెవరూ దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. ఎత్తు బంగారం ఇస్తామని మొక్కితే మనిషి ఎంత తూగితే అంత పెట్టాలి. గద్దెల దగ్గర సమర్పించేదాకా అందులో చిటికెడు కూడా ఎవరి నోటా పడకూడదు. పడితే ఎంగిలి. ఎంగిలి బంగారం తల్లికి పెట్టిన ఇల్లు బాగుపడిన దాఖలా జఫర్‌గఢ్‌లో ఎవరికీ తెలియదు.

కాంటా అటూ ఇటూ ఊగి, వెంకట్రాం కూర్చున్న పళ్ళెం పైకి లేచింది.

"బంగారం ఎక్కువైందవ్వా. రెండు ముద్దలు తియ్యాలె," అన్నాడు కాంటా పట్టిన జాల్యా. పక్క తండా మనిషి. పదిహేనేళ్ళుగా ఆ ఇంటి వ్యవసాయం అతని చేతి మీదే నడుస్తోంది.

"తీసి చూడు, చెప్త! రోగం తిన్న కండ గూడ నా కొడుకుదే. దానికీ బంగారం పెట్టాలె."

"రోగం తిన్న కండను కాంటల ఎట్ల కూసోపెడ్తమవ్వా?"

చూడవచ్చిన ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వెంకట్రాం మాత్రం నవ్వలేదు. మామూలుగా అయితే తల్లిని ఆటపట్టించడంలో ఆయనే ముందుండే మనిషి.

అరుగు మీద నిలబడ్డ మనోరమకు అదే గుచ్చుకుంది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో భర్త నవ్వాల్సిన చోట నవ్వకపోవడం ఆమె ఎరగదు. 'బేరం తొందరగా తేల్చుండ్రి అత్తమ్మా, ఆయన కడుపుల ఏం లేదు,' అనుకుంది. ఎప్పటిలాగే మనసులోనే అనుకుంది.

దసరా నాడు జమ్మి దగ్గర విరుచుకు పడిపోయిన మనిషిని జీపులో వేసుకుని వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. పది రోజులకు మనిషి దక్కాడు. చక్కెర రోగమన్నారు. బతికినన్నాళ్ళు రోజూ సూది వేసుకోవాలని, మానితే మళ్ళీ ఇదే గతి అని పెద్ద డాక్టర్ చెప్పాడు. ఎన్నాళ్ళని కాదు, బతికినన్నాళ్ళు. ఆ మాట విన్నప్పుడే బుచ్చమ్మ దవాఖాన వరండాలో నేల మీద కూర్చుని తూర్పుకు తిరిగి, ఎత్తు బంగారం మొక్కింది. మందులతో పోయేది కాదన్నాక తల్లి కాక ఇంకెవరు దిక్కు అని ఆమె లెక్క.

ఆనాటి నుంచి సూది మనోరమ చేతికొచ్చింది. తొర్రూరు కంపౌండర్ సోమనర్సయ్య వంకాయలు తెప్పించి వాటి మీద నేర్పాడు. డజను వంకాయలు పొడిచాక పదమూడో పోటు భర్తకు. అరవై తొమ్మిది ఉద్యమంలో జనగామ స్టేషన్ దగ్గర లాఠీదెబ్బలు తిని, తల పగిలినా 'జై తెలంగాణ' ఆపలేదని చెప్పుకునే మొనగాడు, సూది చూడగానే కళ్ళు గట్టిగా మూసుకుని గోడ వైపు తిరుగుతాడు. ఆమె మొదట్లో నవ్వుకునేది. తర్వాత నవ్వడం మానేసింది.

ఆ పొద్దున కూడా నీళ్ళ రంజన్ కింది తడి ఇసుకలోంచి మందుసీసా తీసింది. గాజు సూది మరగబెట్టింది. నీలి మందులో ఆయన మూత్రం చుక్కలు వేసి కాచింది. రోజూ ఇటుక రంగుకు తిరిగే మందు, ఆ రోజు నీలంగానే నిలిచింది.

"చూసినవా! చక్కెర లేదు! తల్లి అప్పుడే చెయ్యి పెట్టింది!" అని బుచ్చమ్మ గాజుగొట్టానికి కూడా దండం పెట్టింది. "ఇయ్యాల ఒక్కపొద్దు కొడుకా. కాంటా దిగి, బండెక్కి, సుక్క పొడిచినంకనే ఇంత ముద్ద."

మనోరమ చేతిలో సూది ఆగింది. సూది పొడిచాక అరగంటలో తినాలి, మరవొద్దమ్మా అని సోమనర్సయ్య ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్త ముఖంలో నాలుగు నెలల తర్వాత వచ్చిన వెలుగు చూసింది. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకుంది.

"ఎయ్యి మనోరమా," అన్నాడు వెంకట్రాం కళ్ళు మూసుకుని. "ఇదే ఆఖరి సూది. మేడారం పోయొచ్చినంక ఈ పీడ ఇగ ఉండది."

వేసింది.

ఇప్పుడు పొద్దు బారెడెక్కింది. మాఘమాసపు చలికి జనం దుప్పట్లు కప్పుకుని ఉంటే, కాంటాలో ఆయన నుదుటి మీద చెమట కారుతోంది.

"జాల్యా!" అని ఒక్కసారి అరిచాడు వెంకట్రాం. "నన్నెందుకు ఊపుతున్నవ్‌రా? దొంగ! ఇడిసిపెట్టు నన్ను!"

జాల్యా రెండు చేతులూ వదిలేశాడు. ఈ పదిహేనేళ్ళలో పటేల్ నోట ఆ మాట వినలేదు. "నేనేం ఊపలే పటేలా..."

వెంకట్రాం చేతులు వణకడం మొదలైంది. తర్వాత భుజాలు, తర్వాత తల. కళ్ళు ఎటో చూస్తున్నాయి. కాంటా గొలుసులు గలగలమన్నాయి.

"శిగం!" అంది ఎవరో ఆడమనిషి. "అవ్వా, పటేల్‌కు శిగం వచ్చింది! తల్లి పూనింది!"

వాకిలంతా ఒక్కసారి లేచింది. ఒకామె పసుపు తెచ్చింది. ఒకామె వేపమండ విరుచుకొచ్చింది. బుచ్చమ్మ కొడుకు కాళ్ళ మీద పడింది. కొడుకు కాళ్ళు కావవి, తల్లి కాళ్ళు. మనోరమ చేతులు కూడా వాటంతటవే జోడించుకున్నాయి. ఆమె మాత్రం ఆ ఊరి మనిషి కాదా?

"ఎవరివి తల్లీ? సమ్మక్కవా, సారక్కవా? నోరు తెరిచి చెప్పు!"

"ఉరుకుండ్రి..." అన్నాడు వెంకట్రాం నాలుక మడతపడుతుంటే. "లాఠీలొస్తున్నై... ఉరుకుండ్రి... కొడుతున్నరు..."

"కాకతీయులతోని చేసిన లడాయి యాది చేసుకుంటున్నది తల్లి!" అని బుచ్చమ్మ ఏడుస్తూ అందరికీ విడమరిచింది. "ఇంక చెప్పు తల్లీ!"

"ప్యాసింజర్ పోయింది... జనగామల... ప్లాట్‌ఫారం మీద నా చెప్పు..."

ఆ చెప్పు సంగతి మనోరమకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆయన వంద సార్లు చెప్పిన కథ. లాఠీఛార్జిలో ఎడమకాలి చెప్పు ప్లాట్‌ఫారం మీద పడిపోతే, ఒంటిచెప్పుతో ఊరికి నడిచొచ్చాడు. సమ్మక్క తల్లి జనగామ ప్యాసింజర్ ఎక్కినట్టు ఆమె ఎక్కడా వినలేదు.

జోడించిన చేతులు విడిపోయాయి.

లోపలికి పరుగెత్తింది. గడియారం వెనక దోపిన కాగితం తీసింది. సోమనర్సయ్య కోడిగీతల రాత. 'ఒళ్ళంతా చెమటలు, వణుకుడు, తిక్క మాటలు. వెంటనే చక్కెర నీళ్ళు.' ఆనాడు ఈ ముక్క చదివి ఆమె, అతను పొరపాటున రాశాడనుకుంది. చక్కెర రోగానికి చక్కెర నీళ్ళేమిటి? నిప్పు ఆర్పడానికి కిరోసిన్ పొయ్యమన్నట్టుంది. అడిగితే నవ్వుతాడేమోనని అడగలేదు.

ఇప్పుడూ నమ్మకం లేదు. కానీ మిగతావన్నీ అచ్చం రాసినట్టే ఉన్నాయి. చెమటలున్నాయి, వణుకుంది, తిక్క మాటలున్నాయి.

చక్కెర డబ్బా తీసింది. అందులో కందిపప్పు ఉంది. దవాఖాన నుంచి వచ్చిన రోజే బుచ్చమ్మ ఇంట్లో తీపన్నది లేకుండా ఊడ్చి పంచేసింది. పిల్లలిద్దరూ హన్మకొండ హాస్టల్‌లో ఉన్నారు కాబట్టి అడిగే నోరు కూడా లేకపోయింది. పొరుగింటికి పోవాలంటే చేను దాటాలి.

బయటికి వచ్చేసరికి వెంకట్రాం కాంటాలోంచి పక్కకు ఒరిగిపోయాడు. జాల్యా పట్టుకుని నేల మీద పడుకోబెట్టాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి.

రెండో పళ్ళెంలో బంగారం కొండలా ఉంది.

మనోరమ తల్లిని నమ్మని మనిషి కాదు. చిన్నప్పుడు నాయిన భుజాల మీద కూర్చుని జాతర చూసింది. అందుకే ఆమెకు భయమేసింది. భర్త చచ్చిపోతాడని భయం, తల్లి శపిస్తుందని భయం, ఈ కాగితం తప్పయితే తన చేతులతో విషం పెట్టినదాన్నవుతానని భయం. మూడు భయాలూ ఒక్కసారే వచ్చాయి కాబట్టి దేనికీ నిలబడి జవాబు చెప్పే వీలు లేకపోయింది. తూకపురాయి ఎత్తి, పైనున్న ముద్దను ఒక్క దెబ్బ వేసింది.

ఆ చప్పుడుకు వాకిలంతా ఇటు తిరిగింది.

"ఏం చేస్తున్నవే?" బుచ్చమ్మ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆయనకు పెడ్తున్న."

"చక్కెర రోగమోనికి బెల్లమా? అది గూడ తల్లికి ముట్టకముందా? నీకేమన్న మతి ఉన్నదా?"

"లేదత్తమ్మా. నాకు మతి లేదు. ఏది మందో ఏది ఇసమో నాకే తెల్తలేదు. చెయ్యి ఇడువుండ్రి."

"ఇడువ! తల్లి ఒంటి మీద ఉన్నప్పుడు అడ్డం పడకు. నా కొడుకును చంపుతవా?"

"ఒంటి మీద ఉన్నది తల్లే అయితే, తల్లి బంగారం తల్లి నోట్లెనే పడ్తది గదత్తమ్మా!"

ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు ఆ మాట. బుచ్చమ్మ పట్టు ఒక్క క్షణం సడలింది. ఆ క్షణం చాలు. మనోరమ బెల్లం గడ్డను చెంబులో వేసి నీళ్ళు పోసి వేళ్ళతో పిసికింది. జాల్యా పటేల్ తలను ఒడిలోకి ఎత్తి పట్టుకున్నాడు.

"మింగుండ్రి. ఇగో, జర మింగుండ్రి."

మొదటి గుక్క మూతి పక్కనుంచి కారిపోయింది. రెండోది గుటకపడింది. మూడోది కూడా.

బండికి కట్టిన ఎద్దు మెడగంట ఒకటే అప్పుడప్పుడూ వినిపిస్తోంది. మనోరమ భర్త ముఖం చూస్తూ కూర్చుంది. బుచ్చమ్మ కోడలి ముఖం చూస్తూ నిలబడింది. పావుగంట గడిచిందో, యుగం గడిచిందో.

చెమట ఆగింది. వణుకు తగ్గింది. వెంకట్రాం కళ్ళు తిప్పి ఒక్కొక్కరినీ చూశాడు.

"ఏందవ్వా, అందరు గిట్ల నన్నే చూస్తున్నరు?" పెదాలు నాలుకతో తడుపుకున్నాడు. ముఖంలో చిన్నపిల్లవాడి ఆశ్చర్యం. "నోరు తియ్యగున్నదేంది?"

నాలుగు నెలల తర్వాత ఆయన నోట తీపి పడింది. మనోరమ మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు పూర్తిగా తీరకముందే బుచ్చమ్మ గొంతు ఖంగుమంది.

"చూసిండ్రా? అందరు కళ్ళార చూసిండ్రా? సూది పడగొట్టింది! బంగారం లేపింది!"

అవునవును అంది వాకిలి. కళ్ళున్నవాళ్ళెవరైనా అదే అంటారు. పొద్దున సూది వేశారు, మనిషి పడ్డాడు. తల్లి బంగారం నోట్లో పడింది, మనిషి లేచాడు. ఇందులో అబద్ధమెక్కడుంది? మనోరమ వెతికింది. దొరకలేదు. తను కూడా చూసింది అదే కదా.

"ఎంగిలి పడ్డదని భయపడకుండ్రి," అంది బుచ్చమ్మ. ఇప్పుడామె గొంతులో కోపం లేదు, పండుగ ఉంది. "తల్లి తనది తానే ఇప్పిచ్చుకున్నది. పగిలిన ముద్ద మేడారం దాక నా కొడుక్కే ప్రసాదం. దినాం పొద్దుగాల ఇంత. ఆ ముద్దకు బదులు ఇంకో ముద్ద పెట్టుండ్రి. సూది డబ్బ, ఆ సీస తెండ్రి ఇటు. మేడారంల జంపన్న వాగుల ఇడిసి, తానం చేసి, రోగాన్ని అక్కడనే మరిచొద్దం."

వెంకట్రాం అరుగు మీద ఆనుకుని కూర్చున్నాడు. నీరసంగా ఉన్నా, ముఖం వెలిగిపోతోంది. "నిజమేనవ్వా. ఇంతకంటె సాక్ష్యమేం గావాలె? ఇగ సూది బంద్."

ఆయన నవ్వాడు. దసరా తర్వాత అంత తేలిగ్గా నవ్వడం ఇదే. మనోరమ ఇంట్లోకి వెళ్ళి, తడి ఇసుకలోంచి సీసా తీసి, గాజు సూదిని డబ్బాలో పెట్టి, రెండూ తెచ్చి అత్త చేతికిచ్చింది. బుచ్చమ్మ పసుపుగుడ్డలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుంది.

మేడారం మూడు దినాల బండిదారి. రోజుకింత బెల్లం తినాలి, సూది మాత్రం ఉండదు. పెద్ద డాక్టర్ మాట మనోరమ చెవుల్లో గింగురుమంటోంది. మానితే మళ్ళీ ఇదే గతి.

కానీ ఏమని చెప్పాలి? సూది మంచిదే అంటే, మరి ఎందుకు పడగొట్టింది అంటారు. అందుకు జవాబు ఒక్కటే ఉంది: సూది పడ్డాక కడుపులో ముద్ద పడలేదు. ఆ జవాబులో సూది తప్పు లేదు, బెల్లం మహిమ లేదు, ఉన్నది తనే. తెలిసి తెలిసి, కడుపులో ఏమీ లేని మనిషికి పొడిచింది తను. ఆ మాట బయటపెడితే ఈ వాకిట్లో తన బతుకేమిటి? దాచుకుంటే ఆయన బతుకేమిటి?

ముద్దలు గోనెసంచుల్లో నింపారు. కోళ్ళగంప ఎక్కించారు. బుచ్చమ్మ బండెక్కి కూర్చుంది. జాల్యా భుజం ఆసరాతో వెంకట్రాం ఎక్కబోతున్నాడు.

"జర ఆగుండ్రి," అంది మనోరమ.

అందరూ ఆగారు.

"సూది పడగొట్టలే. నేను పడగొట్టిన."

"ఏందే నువ్వనేది?" అంది బుచ్చమ్మ బండిలోంచి వంగి.

"సూది ఏసినంక అరగంటల తినాలె, మరవొద్దని కంపౌండర్ సోమనర్సయ్య చెప్పిండు. తినకనే గిట్లయింది. గిట్లయితె ఏం పెట్టాల్నో గూడ రాసిచ్చిండు. ఇగో కాగితం. బంగారం గాదు, చక్కెర నీళ్ళు పోసినా లేచేటోడే. పొద్దుగాల మీరు ఒక్కపొద్దన్నప్పుడు నాకు అంతా యాదికున్నది. మీ ముందట నోరు రాలేదు. యాదికుండే పొడిచిన."

కాగితం బండి వైపు చాచింది. ఎవరూ అందుకోలేదు.

"యాదికుండే పొడిచినవా?" బుచ్చమ్మ గొంతు చాలా మెల్లగా వచ్చింది. అరిచి ఉంటే మనోరమకు ఇంత భయమేసేది కాదు. "నా కొడుకు పడిపోతడని తెలిసి?"

"పడిపోతడని తెల్వదత్తమ్మా. తినాల్నని తెలుసు. తల్లి మీద భారం ఏసిన."

"అంటె తల్లి లేపలేదంటవా?"

అది మనోరమకూ తెలియదు. తెలిస్తే చెప్పేది.

వెంకట్రాం ముఖంలో వెలుగు ఆరిపోవడం ఆమె చూసింది. పొద్దున కాంటా ఎక్కినప్పటికంటే ఇప్పుడే ఆయన నిజంగా తగ్గిపోయినట్టు అనిపించింది. తన మీద చేయెత్తుతాడేమోననుకుంది. ఎత్తినా బాగుండేది. ఆయన ఆమెను చూడకుండా బండెక్కి, గోనెసంచికి ఆనుకుని కూర్చుని, బయటి పొలాల వైపు చూశాడు.

"అయితె ఇది పొయ్యేది గాదన్నట్టు," అన్నాడు.

అది ఎవరినీ అడిగిన మాట కాదు.

జాల్యా పగ్గాలు అందుకున్నాడు. మనోరమ తను ఎక్కాలో, ఉండిపోవాలో తెలియక చక్రం పక్కనే నిలబడింది. రమ్మని అత్త అనలేదు, వద్దనీ అనలేదు.

"మనోరమా," అన్నాడు వెంకట్రాం, పొలాల వైపే చూస్తూ. "సూది ఏసినంక ఎంతసేపట్ల తినాలన్నడు?"

"అరగంటల," అంది ఆమె.

"ఎక్కు మరి. దారిల రేపటికి రొట్టెలన్న కట్టినవా, లేదా?"

ఆమె బండెక్కింది. బుచ్చమ్మ పక్కకు జరగలేదు. ఉన్న ఆ జానెడు చోటులోనే ముడుచుకుని కూర్చుంది మనోరమ. బండి కదిలింది. మళ్ళీ సూది వేళ కావడానికి ఒక్క పగలూ ఒక్క రాత్రీ ఉన్నాయి. పసుపు మూట బుచ్చమ్మ ఒళ్ళోనే ఉంది. దాని మీద ఆమె రెండు చేతులూ ఉన్నాయి.